గూడు పెట్టారు, కిటికీ పెట్టలేదు

శ్రీకాకుళం దాటి విశాఖ వైపు జాతీయ రహదారి పట్టుకుంటే కాసేపట్లోనే ఎచ్చెర్ల వస్తుంది. 2008లో పెట్టిన అంబేడ్కర్ యూనివర్సిటీ, ఎస్.ఎం.పురంలో ట్రిపుల్ ఐటీ, వాటి చుట్టూ హాస్టళ్లు, టిఫిన్ బండ్లు. ఎస్.ఎం. అంటే ఎవరో నాయకుడి ఇంటిపేరు కాదు. షేర్ మహమ్మద్. శ్రీకాకుళంలో జామియా మసీదు కట్టించిన పదిహేడో శతాబ్దపు ఫౌజుదారు పేరది. రెండక్షరాల్లో దాక్కుని ఇంకా బతుకుతున్నాడు. ఈ నేల అంతే, పాత సంగతి దేన్నీ పూర్తిగా పారేయదు, కనపడకుండా మడతపెట్టి దాస్తుంది.

రోడ్డు వదిలి లోపలి పల్లెల్లోకి వెళ్తే పాతవీధి అనదగ్గది ఒకటి ఎక్కడో ఓచోట మిగిలే ఉంటుంది. అటూ ఇటూ రెండు బారు వరసలు. ఇంటికీ ఇంటికీ మధ్య సందు ఉండదు. ఒకరి గోడే పక్కవారికీ గోడ. వీధి ఈ చివర మొదలైన పెంకుల కప్పు ఆ చివరిదాకా ఒకటే కప్పులా సాగిపోతుంది. చూరు ఎంత కిందికి ఉంటుందంటే తల వంచకుండా లోపలికి పోలేం. వీధి వైపు అరుగు, గుమ్మం దాటితే సావిడి, దాని వెనక నడిమిగది, ఆపైన వంటిల్లు, ఆ తరవాత పెరడు. వీధి నుంచి పెరటి దాకా రైలుపెట్టెలా పొడుగ్గా ఉండే ఇల్లు.

ఈ ఇళ్లలో కిటికీ వెతకండి. చాలా పాతవాటిలో దొరకదు. దొరికినా అది జానెడు కంత, లేదా తరవాతెప్పుడో గోడ కొట్టి పెట్టించిన ఇనప చువ్వల చట్రం. మధ్యాహ్నం పన్నెండింటికి కూడా నడిమిగదిలో ఏ వస్తువు ఎక్కడుందో చేత్తో తడుముకోవాల్సిందే.

ఇది కోస్తా. ఎండ కంటే ఉక్కపోత ఎక్కువ ఇబ్బంది పెట్టే చోటు. ఇలాంటి చోట ఇల్లు కట్టేవాడికి మొదట తోచేది గాలి ఆడాలనే. ఆ గాలికే దారి లేకుండా ఇల్లు కట్టుకున్న రైతు తెలివితక్కువవాడా? వంశధార, నాగావళి నీళ్లతో ఇన్ని తరాలు వరి పండించినవాణ్ని ఆ మాట అనలేం. మరి కిటికీ ఏమైంది?

సులువుగా తోచే జవాబు కళ్లెదుటే ఉంది. వరస ఇళ్లు కదా, పక్కగోడలు పంచుకున్నవి కదా, ఇంక కిటికీ ఎటు పెడతారు? వరసలో లాభం కూడా ఉంది. పది ఇళ్లు విడివిడిగా కడితే పక్కగోడలు ఇరవై లేస్తాయి. వరసగా కడితే పదకొండు చాలు. మూరెడు పైచిలుకు మందంతో, ఒక్కో వరుస పెట్టి, అది ఆరాక పై వరుస పెట్టే మట్టిగోడకు ఎంత మన్ను తొక్కాలో తెలిసినవాడికి ఆ తొమ్మిది గోడల విలువ తెలుస్తుంది. అన్నదమ్ములు వేరుపడినప్పుడు దూలానికీ దూలానికీ మధ్యనున్న అంకణాలు లెక్కపెట్టి పంచుకుంటే ఒక ఇల్లు రెండిళ్లయ్యేది, వరస మాత్రం చెదిరేది కాదు.

కానీ ఈ జవాబు నిలవదు. ఎచ్చెర్ల మండలం తూర్పున బుడగట్లపాలెం దగ్గర సముద్రానికి ఆనుకుంటుంది. ఆ తీరం పట్టుకుని పైకి వెళ్లినా కిందికి వెళ్లినా, ఉత్తరాంధ్రలో పాతకాలపు బెస్తపల్లెల ఆనవాలు చుట్టిల్లు. గుండ్రటి మట్టిగోడ, దాని మీద గొడుగులాంటి తాటాకు కప్పు, నేలకు నాలుగడుగుల ఎత్తులోకి దిగిన చూరు. దీనికి పక్కింటి గోడ అడ్డు లేదు. చుట్టూ ఖాళీయే. ఏ దిక్కున కావాలంటే ఆ దిక్కున కిటికీ పెట్టుకోవచ్చు. అయినా దానికీ ఒకటే గుమ్మం, కిటికీ సున్నా. రూపంలో ఒకదానికొకటి పోలికే లేని రెండిళ్లు ఈ ఒక్క విషయంలో ఏకమయ్యాయంటే, కారణం పక్కగోడలో లేదన్నమాట.

దొంగల భయమా? 1816లో పిండారీలు గుంటూరు సీమను దోచారు, ఆ ఏడాది చివర్లో గంజాం వైపూ వచ్చి పడ్డారు. అప్పటికి ఈ శ్రీకాకుళం ప్రాంతమూ గంజాం జిల్లాలోదే. కాబట్టి భయానికి కారణం లేదనలేం. అయితే ఈ వాదాన్ని మన భాషే కొట్టేస్తుంది. తెలుగులో దొంగకు పాతపేరు కన్నగాడు, కన్నపుదొంగ. వాడు కిటికీలోంచి వచ్చినవాడు కాదు. మట్టిగోడకు తడి తగిలించి, గునపంతో మెల్లగా కన్నం వేసుకుని వచ్చినవాడు. గోడే తలుపుగా వాడుకునేవాడికి కిటికీ లేకపోవడం అడ్డేమిటి? ఇక పిండారీల్లాంటి గుంపు వస్తే కప్పుకు నిప్పు పెడుతుంది గాని కిటికీ కోసం చూడదు.

ఊళ్లో పెద్దవాళ్లను అడిగితే మూడో జవాబు వస్తుంది, అదీ ఏమాత్రం తడుముకోకుండా. ‘గాలొస్తే కప్పు లెగిసిపోద్ది బాబూ.’

ఇక్కడ గాలంటే తుపాను గాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ గంటకు 180 కిలోమీటర్ల దరిదాపు వేగంతో విశాఖ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు జీడిమామిడి, కొబ్బరి తోటలను నేలకు పరిచేసింది. 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నానికి కాస్త ఉత్తరంగా ఒడ్డుకొచ్చింది. ఇవి మనకు పేర్లతో గుర్తున్నవి. పేర్లు పెట్టని కాలంలో వచ్చినవి ఎన్నో. 1876 తుపాను వరదలో శ్రీకాకుళం దగ్గర నాగావళి వంతెన కమానులే కొట్టుకుపోయాయి.

పెద్దల మాటను లెక్కకట్టి చూడొచ్చు. గాలి ఒత్తిడి లెక్కలకు మన ఇంజనీర్లు వాడే ప్రమాణం ఐ.ఎస్. 875 మూడో భాగం. అందులో విశాఖ సెకనుకు 50 మీటర్ల గాలి మండలంలో ఉంది, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగానికి గాలి ఒత్తిడి చదరపు మీటరుకు ఇంచుమించు 150 కిలోల బరువుతో సమానం. ఇందులో ఎంత భాగం ఇంటి లోపల చేరి కప్పును కిందినుంచి పైకి నెడుతుందన్నది గోడలో ఉన్న కంతల మీద ఆధారపడుతుంది. కంతలు గోడ వైశాల్యంలో 5 శాతం లోపు ఉంటే ఐదో వంతు చాలంటుంది ప్రమాణం. 20 శాతం దాటితే పదింట ఏడు వంతులు లెక్కవేయమంటుంది. అంటే మూసిన ఇంట్లో కప్పు మీద లోపలి తోపుడు చదరపు మీటరుకు 30 కిలోలు, తెరిచిన ఇంట్లో 105. తేడా 75 కిలోలు.

ఇప్పుడు కప్పు బరువు చూడండి. పెంకులూ, వాటి కింద పట్టీలూ కలిపితే చదరపు మీటరుకు 65 నుంచి 70 కిలోలు. తాటాకు కప్పు అంతకన్నా చాలా తేలిక. అంటే రెండు కిటికీలు తెచ్చిపెట్టే అదనపు తోపుడు ఒక్కటే మొత్తం పెంకుల బరువును మించిపోతుంది. కప్పు పైనుంచి గాలి పీల్చే పీల్పుడు ఇంకా లెక్కలోకి రాలేదు. ‘లెగిసిపోద్ది బాబూ’ అన్న మాట వెనక ఇంత గణితం ఉంది. కిందికి దిగిన చూరు, నాలుగు వైపులా వాలిన కప్పు, గుండ్రటి గోడ, ఇవన్నీ ఆ లెక్కలో మిగతా అంకెలే.

కథ ఇక్కడితో ముగించేయొచ్చు. చాలామంది ఇక్కడే ముగించేస్తారు కూడా, తుపానుకు తట్టుకునే దేశవాళీ తెలివి అంటూ రెండు మెచ్చుకోలు మాటలు రాసి. నాకు మాత్రం రెండు సంగతులు అడ్డుపడ్డాయి.

మొదటిది గూడు. కిటికీ లేని ఈ గోడల్లో దీపపు గూళ్లున్నాయి. గుమ్మానికి అటూ ఇటూ, నడిమిగదిలో, పొయ్యి పక్కన. గోడ కట్టినవాడికి కంత వదలడం వచ్చు, పైన అడ్డకర్ర పెట్టి బరువు ఆపడం వచ్చు. సగం మందం దాకా తొలిచి, అక్కడ ఆగాడు. గాలే భయమైతే నడిమిగదికీ సావిడికీ మధ్యగోడలో కిటికీ పెట్టొచ్చు కదా? ఆ గోడ బయటి గాలికి తగిలేదే కాదు. సావిట్లోంచి కాస్త వెలుతురైనా వచ్చేది. అక్కడా పెట్టలేదు. తుపాను గాలిని ఆపడమే కాదు, ఆ గదిని అన్ని వైపులా మూసి ఉంచడం వాళ్లకు కావాల్సింది.

రెండోది అటక. నడిమిగది మీద దూలాలు అడ్డంగా వేసి, వాటి మీద వెదురో తాటి పట్టీలో పరిచి, పైన మట్టి మెత్తిన అటక. దాని పైన, ఎడం వదిలి, అసలు కప్పు. ఒకే గదికి రెండు కప్పులు. (తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటాం. అటక ఉన్న గదిలో వాసాలు కనపడవు. లెక్కపెట్టాలంటే సావిట్లో కూర్చోవాలి. వచ్చిన చుట్టాన్ని కూర్చోబెట్టేది అక్కడే!) మట్టి అటకకు గాలితో పనేమీ లేదు. పైకప్పు ఎగిరిపోయేదే అయితే మట్టి మెత్తినంత మాత్రాన ఆగదు. మరి అంత బరువు నెత్తిన ఎందుకు మోశారు?

దీనికి జవాబు ఎచ్చెర్లలో కాదు, సరిహద్దు అవతల స్పష్టంగా దొరుకుతుంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా శ్రీకాకుళం తాలూకా గంజాం జిల్లాలోనే ఉండేది. ఆ గంజాంలో, ఒడిశా పల్లెల్లో, ఇలాగే వీధి పొడుగునా వరస ఇళ్లున్నాయి. గడ్డికప్పు కింద మట్టి మెత్తిన రెండో కప్పు వేసిన గదిని వాళ్లు ‘అసురఘర’ అంటారు. అది నిప్పుకు విరుగుడు. వరస ఇళ్లలో ఒక చూరుకు అంటుకుంటే వీధంతా అంటుకుంటుంది. పైన గడ్డి భగ్గున కాలిపోయినా కిందిగది మిగలాలి. మిగలాల్సింది మనుషుల కోసం కాదు, వాళ్లు ఎలాగూ వీధిలోకి పరిగెత్తుతారు. పరిగెత్తలేనిది ఒకటి ఆ గదిలో ఉంటుంది.

ధాన్యం.

ఈ ఒక్క మాట పెట్టుకుని ఇల్లంతా మళ్లీ చూస్తే విడివిడిగా ఉన్న ఆనవాళ్లు ఒకటొకటిగా వచ్చి కుదురుకుంటాయి. ఖరీఫ్ వరి కోసి, కుప్పవేసి, కళ్లంలో నూర్చి, తూర్పారపట్టి ఇంటికి చేర్చేసరికి సంక్రాంతి రోజులొస్తాయి. అక్కణ్నుంచి మళ్లీ కొత్తపంట దాకా ఏడాది. తిండిగింజలు, విత్తనం గింజలు, పాలేరుకూ చాకలికీ మంగలికీ కొలవాల్సిన గింజలు, జమీందారు శిస్తు తీర్చడానికి అమ్మాల్సినవి, అన్నీ ఆ ఇంట్లోనే. వరిగడ్డి వెంటి చుట్టలు చుట్టలుగా తిప్పి కట్టిన పురి, పేడతో అలికిన వెదురు గాదె, నేలలో తవ్విన పాతర. ధాన్యంలో తేమ 14 శాతం దాటితే బూజు, వేడి, పురుగు. బయట సముద్రపు చెమ్మగాలి. జూన్ నుంచి నవంబరు దాకా రెండు ఋతుపవనాలూ కలిసి కురిసేది దాదాపు మీటరు వాన. ఎండలో ఎండబెట్టి తెచ్చిన గింజ చెమ్మ పీల్చకుండా ఉండాలంటే గాలి ఆడకూడదు. మనిషికి కావాల్సిన గాలి, గింజకు పడని గాలి ఒక్కటే. రైతు గింజ వైపు నిలబడ్డాడు.

పాతరలో అయితే ఈ సూత్రం ఇంకా కచ్చితంగా కనబడుతుంది. మూత పెట్టి మట్టితో మెత్తేశాక గింజా, లోపలి పురుగూ ఊపిరి తీసి ఉన్న ప్రాణవాయువునంతా వాడేస్తాయి. పురుగు చస్తుంది. అందుకే పాతర తీసిన వెంటనే మనిషి దిగకూడదు, దిగితే ప్రాణం పోవచ్చు. ఆ నడిమిగదిని నేలమీదికి తెచ్చిన పాతర అనుకోండి. పందికొక్కును ఆపే గట్టి పీట, చెమ్మను పీల్చుకునే మట్టిగోడ, నిప్పును ఆపే అటక.

ఆ అటక మీద ఏముండేది? ఇప్పుడు ఏదైనా మూలపడితే అటకెక్కింది అంటాం. అప్పట్లో అటకెక్కేది పనికిరానిది కాదు, విత్తనంలా చెయ్యిజారితే మళ్లీ దొరకనిది. వంటింటికి పొగగొట్టం లేదు. పొగ వంటింట్లోంచి పైకి లేచి, అటకకూ కప్పుకూ మధ్య ఎడంలో తిరిగి, తాటాకు సందుల్లోంచో పెంకు సందుల్లోంచో మెల్లగా బయటికి పోవాలి. పోతూ పోతూ వెదుళ్లకూ వాసాలకూ మసి పట్టిస్తుంది. ఆ మసి పట్టిన వెదురును పుచ్చు తొందరగా తినదు. పక్కనే వేలాడదీసిన విత్తనపు కంకికీ పురుగు పట్టదు. కిటికీ పెట్టి ఉంటే పొగ ఆ దారినే పోయేది, ఈ పనంతా జరిగేది కాదు.

ఇక గాలీ గింజా కలిసే చోటు. ఈ తీరానికి పెద్ద తుపాన్లు వచ్చేది ఎక్కువగా అక్టోబరు, నవంబరుల్లో. అప్పటికి పొలంలో వరి పొట్టమీదో గింజ పాలుపోసుకునే దశలోనో ఉంటుంది. ఇంట్లో పాతగింజ అడుగంటుతుంటుంది. ఒక్క రాత్రి గాలివానకు చేలో పంట పడిపోయి, ఇంటికప్పు ఎగిరి మిగిలిన గింజ తడిసిందంటే ఆ ఏడాదికీ పై ఏడాదికీ కలిపి దెబ్బ. 1866 కరువు ఒరిస్సాను ఊడ్చి, గంజాం మీదుగా ఈ ప్రాంతాన్నీ తాకింది. అలాంటి ఏడాదిని చూసినవాడు, చూసినవాళ్ల నోట విన్నవాడు ఇల్లు కట్టేటప్పుడు దేన్ని ముందు కాపాడుకుంటాడు? గాలికి భయపడి కిటికీ మానేశాడన్న పెద్దల మాట నిజమే. ఆ భయం తన కోసం కాదు, గింజ కోసం. అదీ నాకు తేలిన లెక్క. ఇది మనుషులుండే ఇల్లు కాదు. పక్కన మనుషులకు కాస్త చోటిచ్చిన గాదె.

మనుషులు ఎక్కడుండేవారు? అరుగు కొలవండి. ఒక మనిషి కాళ్లు చాపుకుని పడుకునేంత వెడల్పు ఉంటుంది. నులకమంచం ఎత్తి చూడండి. ఒక చేత్తో లేపి వీధిలోకో పెరట్లోకో తెచ్చుకునేంత తేలిక. పగలు పొలంలో, సాయంత్రం అరుగు మీద, రాత్రి ఆరుబయట. వానొస్తే సావిడిలో. మగవాడి బతుకు ఆ ఇంటి చుట్టూ తిరిగింది గాని, లోపల గడిచింది తక్కువ.

మగవాడి బతుకు అని ఊరికే అనలేదు. లోపల గడిచింది ఆడవాళ్లకు. ఆ పొగలో రెండుపూటలా వంట, ఆ చీకటి గదిలో పురుడు, పురిటిస్నానం దాకా అక్కడే పడక. పొగ గింజను కాపాడింది, సరే, కళ్లను ఏం చేసిందో వంటింట్లో ముసలైపోయిన అవ్వలను అడగాలి. ఇంటికి దీపం ఇల్లాలు అన్న సామెత ఇలాంటి కిటికీ లేని ఇంట్లోనే పుట్టి ఉంటుందని నాకొక అనుమానం. కిటికీ పెట్టించే ఖర్చు కంటే సామెత చవక. పాత ఇళ్లను మెచ్చుకునే రాతల్లో ఈ వాక్యం ఎప్పుడూ తప్పిపోతుంది. అందుకని ఇక్కడ కావాలనే ఉంచుతున్నాను.

మరి కిటికీ ఎప్పుడొచ్చింది? కప్పు బరువెక్కినప్పుడు, ఇంటి ఆదాయం గాదెలోంచి పెట్టెలోకి మారినప్పుడు. అదే గాలిలో దొరల బంగళాలు నిలువెత్తు కిటికీలతో నిలబడ్డాయంటే, వాటి మీద సున్నమూ ఇటుకా వేసిన బరువు మిద్దె ఉంది. కిటికీలకు గట్టి చెక్క తలుపులు, ఇనప గడియలు ఉన్నాయి. రైతుకు అవి అందాలంటే రొక్కం కావాలి. ఆ రొక్కం చాలా ఇళ్లకు సముద్రం మీద వచ్చింది. కళింగపట్నం, బారువ, భీమునిపట్నం రేవుల్లో స్టీమరెక్కి రంగం వెళ్లినవాళ్లు, అంటే రంగూన్ వెళ్లినవాళ్లు, పంపిన డబ్బు అది. బర్మాలో మనవాళ్లను కోరంగీలనేవారు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీల మీద జరిగిన దాడులు, 1942లో కాలినడకన తిరిగొచ్చిన జనం, ఇవి ఆ కథకు చివరి అధ్యాయాలు. కథ మొదట్లో మాత్రం టేకు ద్వారబంధాలు, చువ్వల కిటికీలు ఉన్నాయి.

ఈ మార్పుకు రెండో ఆనవాలు కప్పు మీదే ఉంది. పాతవి కుమ్మరి చేసిన నాటుపెంకులు, అరగొట్టంలా ఉంటాయి. తరవాతవి పలకల్లా ఒకదానిలో ఒకటి ఇమిడేవి. వీటిని మనం బెంగుళూరు పెంకులంటాం గాని వీటి పుట్టిల్లు బెంగుళూరు కాదు. 1865లో బాసెల్ మిషన్ మొదటి ఫ్యాక్టరీ పెట్టింది మంగుళూరులో. మన నోట్లో పడి ఊరు మారిపోయింది. 1890లలో ఆముదాలవలస మీదుగా రైలు వేశాక ఇలాంటి బరువు సరుకు ఇంతదూరం రావడం తేలికైంది. కాబట్టి మీ పాతింటి మీద అచ్చువేసిన పలకపెంకు కనబడితే, ఆ కప్పు రైలు వచ్చాక వేసింది అయ్యుండే అవకాశమే ఎక్కువ. గోడలు అంతకంటే పాతవి కావచ్చు. కప్పు వయసూ గోడ వయసూ ఒకటే కానక్కర్లేదు.

ఇప్పుడు ధాన్యం కళ్లంలోంచే లారీ ఎక్కుతోంది. గింజ ఇంటికి రావడం మానేసింది కాబట్టి నడిమిగదికి చీకటితో పని తీరిపోయింది. వరసల్లో ఒక్కో ఇల్లే పడగొట్టి స్లాబు వేస్తున్నారు, పెద్ద కిటికీలు పెడుతున్నారు. పెట్టాలి కూడా. స్లాబు బరువు చదరపు మీటరుకు 250 కిలోలకు తక్కువుండదు, గాలి దాన్ని ఎత్తలేదు. వాళ్లను పాతింట్లోనే ఉండమనే హక్కు ఎవరికీ లేదు, ముఖ్యంగా ఫ్యాను కింద కూర్చుని ఇది రాస్తున్న నాకు.

ఒక్క మాట మాత్రం అడుగుతాను. మీ ఊళ్లో, మీ వాళ్ల ఇంట్లో మట్టి అటక ఇంకా ఉంటే, పడగొట్టే ముందురోజు ఒక టేపు పట్టుకెళ్లండి. అటక మట్టి మందం, చూరు ఎత్తు, అరుగు వెడల్పు, గోడ మందం, గూళ్లు ఎన్ని ఎక్కడెక్కడ ఉన్నాయో కొలిచి కాగితం మీద రాసిపెట్టండి. నడిమిగదిలో ఫొటో తీసేటప్పుడు సెల్‌ఫోను లైటు వేసుకోండి, లేకపోతే ఏమీ పడదు.